ఐస్ మేకర్‌లో సెన్సర్ లైటు వెలిగితే పాడైంది సెన్సరేనా?

బుట్టలో ఒక్క ఐస్ ముక్క ఉండదు, అయినా ‘ఐస్ నిండింది’ లైటు వెలిగి మెషిన్ ఆగిపోతుంది. లేదా ట్యాంకులో అంచుదాకా నీళ్లున్నా ‘నీళ్లు పోయండి’ లైటు ఆరదు. చెన్నైలో వంటింటి గట్టు మీద చిన్న ఐస్ మేకర్ పెట్టుకున్న ఇళ్లలో నడివేసవిలో తలెత్తే చిక్కు ఇది. మెకానిక్‌ని పిలిస్తే ‘సెన్సర్ పోయింది, బోర్డు మార్చాలి’ అనే మాట చాలా త్వరగా వస్తుంది. మెషిన్‌ని నడిపే ఆ సర్క్యూట్ బోర్డు ధర వినగానే మెషిన్ అటకెక్కుతుంది.

అటకెక్కే ముందు ఒక సంగతి గమనించాలి. ఆ లైటు చెప్పేది పని ఏ దశలో ఆగిందో మాత్రమే. ఏ భాగం చెడిందో అది చెప్పదు. సెన్సర్ తనకు కనబడినదే బోర్డుకు చేరవేస్తుంది. దాని ముందు నీటిబొట్టు నిలిచినా, సున్నపు పొర కట్టినా, పంపు నీళ్లు ఎక్కించకపోయినా అది నిజమే చెబుతుంది, బోర్డు మాత్రం దాన్ని వేరేగా అర్థం చేసుకుంటుంది. చెన్నై నీళ్లలోని లవణాలు, గాలిలోని తేమ, సముద్రపు ఉప్పు, మే నెల వేడి ఈ సెన్సర్లను చంపడం కన్నా మోసం చేయడమే ఎక్కువ. అందుకే సెన్సర్ బతికి ఉందా అని అడిగే ముందు దాని ఎదుట ఏముందో చూడాలి.

ఒక విడత ఐస్ ఎలా తయారవుతుంది

ఇక్కడ చెప్పేదంతా బోలుగా, వేలి ఆకారంలో ఐస్ చేసే చిన్న మెషిన్ల గురించి. ఫ్రిజ్ లోపల ఉండే ఐస్ మేకర్ పద్ధతి కొంత వేరు, కానీ ఉష్ణోగ్రత సెన్సర్ గురించిన మాటలు దానికీ చాలావరకు వర్తిస్తాయి.

కింది ట్యాంకులోని నీటిని చిన్న పంపు పైనున్న తొట్టిలోకి ఎక్కిస్తుంది. ఆ తొట్టిలోకి లోహపు వేళ్లు దిగి ఉంటాయి, చాలా మోడళ్లలో తొమ్మిది. కంప్రెసర్ నడిచి వేళ్లు చల్లబడితే వాటి చుట్టూ ఐస్ పేరుకుంటుంది. మెషిన్‌ని బట్టి, గది వేడిని బట్టి దీనికి ఆరు నుంచి పదమూడు నిమిషాలు పడుతుంది. తర్వాత తొట్టి వెనక్కి వాలి మిగిలిన నీటిని ట్యాంకులోకి ఒంపేస్తుంది. కరెంటుతో పనిచేసే సోలెనాయిడ్ వాల్వ్ ఒకటి ‘టక్’మని తెరుచుకుని వేడి గ్యాస్‌ను వేళ్లలోకి పంపుతుంది. ఐస్ లోపలి అంచు కరిగి ముక్కలు జారిపడతాయి. ఒక ప్లాస్టిక్ పలక వాటిని ముందుకు తోసి బుట్టలో వేస్తుంది. తొట్టి తిరిగి తన చోటికి వస్తుంది, పంపు మళ్లీ మొదలవుతుంది.

ఈ వరుసలో బోర్డు నాలుగు చోట్ల సమాచారం కోసం చూస్తుంది: బుట్ట నిండిందా, నీళ్లున్నాయా, ఎంత వేడిగా ఉంది, తొట్టి ఏ స్థితిలో ఉంది. నాలుగింటికీ నాలుగు రకాల సెన్సర్లు, నాలుగు రకాల మోసాలు. కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు మూత తెరిచి ఒక పూర్తి విడతను వాచీ పెట్టుకుని చూడాలి. పంపు శబ్దం వచ్చిందా, తొట్టిలోకి నీరు ఎంతవరకు ఎక్కింది, వాల్వ్ టక్‌మందా, పలక చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చిందా, లైటు సరిగ్గా ఏ క్షణంలో వెలిగింది. ఈ పది పదిహేను నిమిషాల గమనింపు సగం అనుమానాలను తీర్చేస్తుంది.

బుట్ట సెన్సర్: పొద్దు, తేమ, పొర

బుట్టకు ఒక పక్క ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, ఎదుటి పక్క దాన్ని అందుకునే ఫోటో ట్రాన్సిస్టర్ ఉంటాయి. మధ్యలో వెలుతురు దారి తెరిచి ఉంటే బుట్టకు ఖాళీ ఉన్నట్టు, తెగితే నిండినట్టు. ఐస్ వల్ల తెగిందా, మురికి వల్ల తెగిందా అన్నది దానికి తెలియదు.

లోపం ఎప్పుడు వస్తుందో గమనిస్తే కారణం చాలావరకు బయటపడుతుంది. ఉదయం ఆన్ చేయగానే బాగా నడిచి, నాలుగైదు విడతల తర్వాత బుట్ట సగం కూడా నిండకుండా ఆగితే అది నీటి ఆవిరి పని. ఐస్ పేరుకునే కొద్దీ లోపలి గోడలు చల్లబడతాయి. మూత తెరిచినప్పుడల్లా చెన్నై గాలిలోని తేమ లోపలికి వెళ్లి, సెన్సర్ ముందున్న చిన్న ప్లాస్టిక్ కిటికీ మీద చెమటలా పడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే మళ్లీ ఒకటి రెండు విడతలు నడుస్తుంది. ఇక్కడ చెడిన భాగమేదీ లేదు. మూత అంచున రబ్బరు సరిగ్గా కూర్చోకపోవడం, మూత మాటిమాటికీ తెరవడం, స్టవ్ మీద అన్నం ఉడికే చోటికి దగ్గరగా మెషిన్ పెట్టడం అసలు కారణాలు.

ప్లగ్ పెట్టిన కొద్ది క్షణాల్లోనే, పొడిగా ఉన్నప్పుడు కూడా లైటు వెలిగితే దారి శాశ్వతంగా మూసుకుపోయినట్టు. గట్టి నీళ్లు చిమ్మిన చోట ఆరి ఆరి కిటికీ మీద తెల్లటి పొర కడుతుంది. దాన్ని గోకకూడదు. పీచుతో రుద్దితే గీతలు పడి ప్లాస్టిక్ శాశ్వతంగా మసకబారుతుంది. నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపిన నీటిలో మెత్తటి గుడ్డ తడిపి రెండు మూడు నిమిషాలు అద్ది ఉంచి, తర్వాత మంచినీటితో తుడవాలి. జిడ్డు ఉంటే ఇయర్ బడ్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవచ్చు. థిన్నర్, గోళ్ల రంగు తీసే ద్రవం మాత్రం దగ్గరికి రానివ్వకూడదు.

ఇక రోజూ సాయంత్రం ఒకే వేళకు వచ్చే లోపం ఉంటుంది. పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా బుట్టలోకి పడే ఇళ్లలో ఇది కనిపిస్తుంది. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ పుష్కలంగా ఉంటుంది. మామూలు సర్క్యూట్ ఉన్న మెషిన్లలో దాని వల్ల బుట్ట పొంగిపొర్లుతున్నా సెన్సర్ ‘ఖాళీ ఉంది’ అంటుంది. ఎల్‌ఈడీని వెలిగిస్తూ ఆర్పుతూ ఆ తేడాను కొలిచే మెషిన్లలో ఎండ ముంచెత్తడంతో తేడా కనబడక, ఖాళీ బుట్టను కూడా నిండిందంటుంది. రెండింటికీ మందు ఒకటే: మెషిన్‌ని తిప్పి పెట్టడం లేదా కిటికీకి తెర వేయడం.

ఇవేవీ కాకపోతే అప్పుడు సెన్సర్‌ని అనుమానించాలి. మొదటి పరీక్షకు ఫోన్ చాలు. ఫోన్ సెల్ఫీ కెమెరా తెరిచి, ముందు టీవీ రిమోట్ బటన్ నొక్కి దాని ముక్కును చూడాలి. ఊదారంగు మెరుపు కనబడితే ఆ కెమెరాకు ఇన్‌ఫ్రారెడ్ తెలుస్తున్నట్టు. వెనుక కెమెరాలకు చాలాసార్లు ఫిల్టర్ ఉంటుంది కాబట్టి ముందు కెమెరాయే మేలు. తర్వాత మెషిన్ ఆన్ చేసి, లైట్లు తగ్గించి, బుట్ట తీసేసి రెండు కిటికీల వైపూ కెమెరా పెట్టాలి. ఒక పక్క మెరుపు కనబడితే ఎల్‌ఈడీ పనిచేస్తోంది. కొన్ని మెషిన్లు ఐస్ తోసే వేళకే దాన్ని వెలిగిస్తాయి, అందుకని ఒక విడత పూర్తయ్యేదాకా ఆగాలి.

ఆ తర్వాత మల్టీమీటర్. ప్లగ్ పీకి, ఎల్‌ఈడీ కనెక్టర్‌ను బోర్డు నుంచి విడదీసి, డయోడ్ స్థానంలో కొలిస్తే మంచి ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ ఒక దిశలో సుమారు 1.1 నుంచి 1.3 వోల్టులు చూపిస్తుంది, తిప్పి పెడితే ఏమీ చూపదు. రెండు దిశల్లోనూ ఏమీ లేకపోతే ఎల్‌ఈడీ గానీ తీగ గానీ తెగింది. అందుకునే వైపు కొలవాలంటే మెషిన్ ఆన్‌లో ఉండాలి కాబట్టి, 230 వోల్టుల తీగలు ఎక్కడున్నాయో తెలిసినవాళ్లే ఆ పని చేయాలి. ఫోటో ట్రాన్సిస్టర్ రెండు కాళ్ల మధ్య వోల్టేజీ చూస్తూ మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టాలి. అంకె ఏదన్నది అంత ముఖ్యం కాదు, ఒక్కో సర్క్యూట్‌లో ఒక్కోలా ఉంటుంది. అడ్డం పెట్టినప్పుడు, తీసినప్పుడు స్పష్టమైన తేడా రావాలి. తేడా వస్తున్నా లైటు ఆరకపోతే తప్పు బోర్డు వైపు ఉంది. తేడా రాకపోతే తప్పు ఆ జతలో ఉంది, లేదా రెండూ ఎదురెదురుగా లేవు. ఇల్లు మారేటప్పుడు లారీలో కుదుపులకు ఎల్‌ఈడీ తన గూటిలోంచి కొద్దిగా జారడం చాలు, వెలుతురు పక్కకు పోతుంది. వేలితో మెల్లగా లోపలికి నొక్కితే సరిపోయే లోపానికి బోర్డు మార్పించుకున్నవాళ్లున్నారు.

నీటి సెన్సర్: సంపులో కలిసే మూడు నీళ్లు

చెన్నై అపార్టుమెంటు సంపులోకి ఒకే నీరు రాదు. మెట్రో వాటర్ వచ్చిన రోజు అది, చాలకపోతే లారీ నీళ్లు, అదీ లేకపోతే బోరు. పూండి, పుళల్, చెంబరంబాక్కం చెరువుల నీరు, కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చే కృష్ణా నీరు, నెమ్మేలిలో శుద్ధిచేసిన సముద్రపు నీరు మెట్రో సరఫరాలో ఉన్నాయి. తీరానికి దగ్గరి బోర్లలో మాత్రం లవణాలు విపరీతం. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. ఐస్ మేకర్‌కు ఆ రెండో అంకె పనికిరాదు. నీరు గడ్డకట్టేటప్పుడు లవణాలను బయటికి నెట్టేస్తుంది. ఐస్ కాని నీరు మళ్లీ ట్యాంకులోకే చేరుతుంది. ఉదయం పోసిన నీటి కన్నా సాయంత్రం మిగిలిన నీరు ఎక్కువ గట్టిగా ఉంటుంది. అందులోనే మళ్లీ నీళ్లు పోస్తూ పోతే తెల్లపొర త్వరగా కడుతుంది. రోజు చివర ట్యాంకు ఖాళీ చేయడం శుభ్రత కోసమే అనుకుంటారు, కానీ సెన్సర్ ఆయువు కూడా దాని మీదే ఆధారపడి ఉంది.

నీటి మట్టం కనిపెట్టే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి తేలే బిళ్ల. అందులో చిన్న అయస్కాంతం ఉంటుంది, గోడ వెనుక రీడ్ స్విచ్, అంటే అయస్కాంతం దగ్గరికి వస్తే పనిచేసే స్విచ్ ఉంటుంది. రెండోది రెండు లోహపు మొనలు. వాటి మధ్య నీరుంటే సన్నటి కరెంటు ప్రవహిస్తుంది. ఈ మొనలు కొన్నిట్లో ట్యాంకులో, కొన్నిట్లో పై తొట్టిలో ఉంటాయి.

బిళ్ల రకంలో చిక్కు దాదాపు ఎప్పుడూ యాంత్రికమే. పొర కట్టి లేదా జిగురు పట్టి బిళ్ల ఇరుక్కుంటుంది. వేలితో పైకి కిందికి కదిపితే లైటు ఆరి వెలిగితే సెన్సర్ బాగుంది, కడగడమే కావాలి. కడిగి తిరిగి పెట్టేటప్పుడు తలకిందులుగా పెట్టే పొరపాటు మామూలే. అయస్కాంతం కింది వైపుకో పై వైపుకో మారిపోతే నీళ్లున్నా లేవంటుంది. బిళ్ల సరిగానే కదులుతున్నా స్పందన లేకపోతే, ఫ్రిజ్ తలుపుకు అంటించుకునే అయస్కాంతాన్ని రీడ్ స్విచ్ ఉన్న చోట గోడకు దగ్గరగా తెచ్చి చూడాలి. దానికి లైటు మారితే బిళ్లలోని అయస్కాంతం బలహీనపడింది. మారకపోతే స్విచ్ లేదా తీగ.

మొనల రకానిది విచిత్రమైన సమస్య. మరీ గట్టి నీళ్లలో వాటి మీద సున్నం పొర కట్టి కరెంటు పోనివ్వదు. మరీ స్వచ్ఛమైన నీళ్లలో కరెంటు పోవడానికి లవణాలే ఉండవు. ఇంటి ఆర్‌ఓ నుంచి టీడీఎస్ 10, 20 దగ్గర వచ్చే నీళ్లు, కొన్ని క్యాన్ నీళ్లు, బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ పోస్తే కొన్ని మెషిన్లు ట్యాంకు నిండా నీళ్లున్నా ‘నీళ్లు పోయండి’ అనే అంటాయి. పొర కట్టకుండా ఉండాలని మంచి నీళ్లు పోసినవాళ్లకే ఈ లైటు ఎదురవడం బాధాకరం. దీన్ని తేల్చే పరీక్ష సులభం. ఒకటిన్నర లీటరు నీటిలో చిటికెడు ఉప్పు, అంటే గ్రాములో మూడో వంతు కన్నా తక్కువ, కరిగించి చూడాలి. టీడీఎస్ సుమారు 200 పెరుగుతుంది. లైటు వెంటనే ఆరితే సెన్సర్, బోర్డు రెండూ బాగున్నాయి, నీరే మరీ పలుచన. ఆ ఉప్పునీటిని పారబోసి కడిగేసి, ఇకమీదట ఆర్‌ఓ నీటిలో నాలుగో వంతు కాచి చల్లార్చిన మెట్రో నీరు కలిపి వాడితే సరిపోతుంది. పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఇంట్లో ఉంటే 50 నుంచి 150 మధ్య నీటిని ఎంచుకోవచ్చు. అటు పొర ఆలస్యంగా కడుతుంది, ఇటు మొనలకు ఇబ్బంది ఉండదు.

మొనలు పై తొట్టిలో ఉన్న మెషిన్లలో ఇంకో మెలిక ఉంది. పంపు మొదలైన కొంత సమయంలోగా నీరు మొనలను తాకకపోతే బోర్డు నీళ్లు లేవని తేల్చేస్తుంది. అంటే పంపులో గాలి ఇరుక్కున్నా, జల్లెడ మూసుకుపోయినా వెలిగేది నీటి లైటే. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి కడిగాక ఇది ఎక్కువగా జరుగుతుంది. పంపు ‘గుర్ర్’మని ఖాళీగా తిరుగుతుంది, తొట్టిలోకి చుక్క రాదు. ట్యాంకును గరిష్ఠ గీతదాకా నింపి, కింది డ్రెయిన్ మూతను ఒక్క క్షణం వదిలి కొద్దిగా నీరు కారనిచ్చి బిగించి, మెషిన్‌ని రెండు మూడు సార్లు ఆపి ఆన్ చేస్తే గాలి బయటికి పోతుంది. శబ్దమే లేకపోతే పంపు ఇరుక్కుంది. శబ్దం ఉండి సన్నటి ధారే వస్తుంటే ట్యాంకు అడుగున ఉన్న జల్లెడ తీసి పాత టూత్ బ్రష్‌తో తోమాలి.

పొర తీయడానికి నిమ్మ ఉప్పు చాలు. లీటరు గోరువెచ్చటి నీటికి 25 నుంచి 30 గ్రాములు కరిగించి ట్యాంకులో పోయాలి. శుభ్రం చేసే మోడ్ ఉంటే దాన్ని నడపాలి, లేకపోతే అరగంట అలాగే ఉంచాలి. రాత్రంతా ఉంచడం మంచిది కాదు, వేళ్ల మీది నికెల్ పూతను ఆమ్లం తినేస్తుంది. తర్వాత కనీసం మూడుసార్లు మంచినీటితో కడిగి, మొదటి రెండు విడతల ఐస్ పారేయాలి. నిమ్మ ఉప్పుతో గానీ వెనిగర్‌తో గానీ బ్లీచింగ్ ద్రవం ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, విషవాయువైన క్లోరిన్ వస్తుంది. బోరు నీళ్లు రోజూ వాడే ఇంట్లో నెలకోసారి ఈ పని అవసరం.

ఉష్ణోగ్రత సెన్సర్: ఐస్ మందమే సాక్ష్యం

ఇది ఎన్‌టీసీ థర్మిస్టర్, చిన్న ఇత్తడి లేదా స్టీలు తొడుగులో గానీ నల్లటి గింజలా గానీ ఉంటుంది. వేడి పెరిగితే దీని నిరోధకత తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. కొన్ని మెషిన్లలో గది వేడిని చూస్తుంది, కొన్నిట్లో వేళ్లకు వెళ్లే గొట్టానికి క్లిప్పుతో బిగించి ఉంటుంది. ఎక్కడున్నా తప్పు జరిగే దిశ ఒకటే. సెన్సర్ ‘చల్లగా ఉంది’ అని అబద్ధం చెబితే బోర్డు త్వరగా ఆపేస్తుంది, పలుచటి గాజు గొట్టాల్లాంటి ఐస్ వస్తుంది. ‘వేడిగా ఉంది’ అంటే ఎక్కువసేపు గడ్డకట్టిస్తుంది, ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని వేళ్ల మీద ఒకే దిమ్మగా తయారవుతాయి, పలక దాన్ని తోయలేక ఆగుతుంది. అప్పుడు వెలిగేది ఏ లైటైనా కావచ్చు, మూలం మాత్రం ఇక్కడ.

సముద్రతీరపు గాలి ఎక్కువగా దెబ్బతీసేది థర్మిస్టర్‌ను కాదు, దాని కనెక్టర్‌ను. బెసంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు ఇళ్లలో రెండు మూడేళ్లు నడిచిన మెషిన్ వెనుక పలక విప్పితే తెల్లటి ప్లాస్టిక్ కనెక్టర్లలో పిన్నులు నల్లగానో పచ్చగానో కనబడతాయి. ఆ తుప్పు నిరోధకతను కలుపుతుంది. వంటింట్లో 35 డిగ్రీలున్నప్పుడు మామూలు 10 కిలో ఓమ్‌ల థర్మిస్టర్ దాదాపు 7 కిలో ఓమ్‌లు చూపాలి. తుప్పు ఇంకో 3 కిలో ఓమ్‌లు కలిపితే బోర్డుకు కనిపించేది 10. అంటే 25 డిగ్రీలని లెక్క. పది డిగ్రీల తేడాతో ఎండాకాలంలో ఐస్ పలుచబడుతుంది. ‘కత్తిరి ఎండలు (నడివేసవి మండుటెండలు) కదా, అలాగే ఉంటుంది’ అని సరిపెట్టుకుంటారు. దానికి విరుద్ధంగా కనెక్టర్ తడిసి ఉంటే ఉప్పు తేమ గుండా కరెంటు అడ్డదారి పడుతుంది, నిరోధకత తగ్గి ఐస్ దిమ్మలుగా కడుతుంది. వర్షాకాలంలో దిమ్మలు, ఎండాకాలంలో పలుచటి ముక్కలు వచ్చే మెషిన్‌లో మొదట చూడాల్సింది ఈ కనెక్టర్‌నే.

పరీక్ష ఇలా చేయాలి. ప్లగ్ పీకి పది నిమిషాలు ఆగి, వెనుక పలక విప్పి, థర్మిస్టర్ కనెక్టర్‌ను బోర్డు నుంచి తీయాలి. బోర్డుకు తగిలించి కొలిస్తే అంకె నమ్మదగినది కాదు. గది ఉష్ణోగ్రత దగ్గర ఒకసారి కొలిచి, తర్వాత గ్లాసులో చితక్కొట్టిన ఐస్, కొద్దిగా నీళ్లు కలిపి అందులో సెన్సర్ మొనను రెండు మూడు నిమిషాలు ముంచి మళ్లీ కొలవాలి. కనెక్టర్ తడవకుండా చూడాలి. 10 కిలో ఓమ్‌ల రకానికి 25 డిగ్రీల దగ్గర 10, సున్నా దగ్గర 27 నుంచి 34 కిలో ఓమ్‌ల మధ్య రావాలి. 5 కిలో ఓమ్‌ల రకమైతే వీటిలో సగం. అంకె మెల్లగా, ఎగుడుదిగుళ్లు లేకుండా పెరగాలి. మధ్యలో ఎగిరిపడుతుంటే లోపల తేమ చేరింది. అనంతం చూపితే తీగ తెగింది, సున్నా దగ్గర ఆగితే షార్ట్ అయింది. థర్మిస్టర్ బాగుండి ఐస్ మాత్రం దిమ్మకడుతుంటే గొట్టం మీది క్లిప్పు వదులైందేమో చూడాలి. గాలిలో వేలాడుతున్న సెన్సర్ గొట్టం చలిని చూడదు.

తొట్టి ఏ చివర ఉందో బోర్డుకు చెప్పే మైక్రోస్విచ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తొట్టి ముందు చివర, వెనుక చివర చేరినప్పుడు ‘క్లిక్’ మనాలి. రెండు లైట్లు కలిసి మెరుస్తుంటే చాలాసార్లు తొట్టి మధ్యలో ఇరుక్కుందని అర్థం, కంపెనీని బట్టి సంకేతం మారుతుంది కాబట్టి మాన్యువల్ చూడాలి. ప్లగ్ తీసి ఇరుక్కున్న ఐస్ కరిగేదాకా ఆగాలి. చేత్తో బలవంతంగా తిప్పితే మోటారు లోపలి ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి, అప్పుడు నిజంగానే రిపేరు పడుతుంది.

సెన్సర్‌కు సంబంధం లేనివి

ఇంటి ఉపకరణాల్లో ఉష్ణమండల తరగతికి, అంటే లేబుల్ మీద ‘టీ’ అని ఉన్నవాటికి, 43 డిగ్రీలదాకా పనిచేసేలా రూపకల్పన ఉంటుంది. ‘ఎన్’ అని ఉంటే 32 దాకానే. గోడకు ఆనించి పెట్టిన మెషిన్ వెనుక గాలి బయటి గాలి కన్నా చాలా వేడిగా ఉంటుంది. చుట్టూ 15 సెంటీమీటర్లు ఖాళీ వదిలి, కండెన్సర్ రెక్కల్లోని దుమ్ము మెత్తటి బ్రష్‌తో తీయాలి. మిద్దె మీది ట్యాంకు నీటిని మధ్యాహ్నం నేరుగా పోస్తే మొదటి రెండు మూడు విడతలు చిన్నగానే వస్తాయి, ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్లు పోయాలి. వోల్టేజీ పడిపోయినప్పుడు బోర్డు, లైట్లు, పంపు నడుస్తూనే ఉంటాయి, కంప్రెసర్ మాత్రం లేవదు. బయటి నుంచి చూసేవారికి అన్నీ పనిచేస్తూ ఐస్ మాత్రం రానట్టు ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి ఆన్ చేయడం కంప్రెసర్‌కు మంచిది.

ఐదు నిమిషాలు నడిచాక కూడా వేళ్ల మీద తెల్లటి మంచు పట్టకపోతే గ్యాస్ తగ్గింది లేదా కంప్రెసర్ నడవడం లేదు. చాలా మెషిన్లలో ఉండే ఆర్‌600ఏ గ్యాస్ మండే స్వభావం గలది. లేబుల్ మీద ఆ పేరుంటే గొట్టాల దగ్గర సోల్డరింగ్ గానీ మంట గానీ పెట్టకూడదు. ఆ పని శిక్షణ ఉన్న టెక్నీషియన్‌దే.

మార్చేటప్పుడు, బోర్డు మీద నేరం మోపే ముందు

థర్మిస్టర్లు, ఇన్‌ఫ్రారెడ్ జతలు మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో విడిగా దొరుకుతాయి, వాటి ధర బోర్డు ధర ముందు లెక్కలోకి రాదు. పాత ముక్కను వెంట తీసుకెళ్లడం మంచిది. థర్మిస్టర్‌కు కావలసింది 25 డిగ్రీల దగ్గరి విలువ ఒక్కటే కాదు, వేడిని బట్టి నిరోధకత ఎంత వేగంగా మారుతుందో చెప్పే బీటా విలువ కూడా కలవాలి, సాధారణంగా కనిపించేవి 3435, 3950. ఎల్‌ఈడీ అయితే 940 నానోమీటర్లది, పాతదాని వ్యాసంతోనే తీసుకోవాలి. విప్పే ముందు తీగల రంగులు, కాళ్ల దిశ ఫోటో తీసుకోవాలి, తిరగేసి అతికిస్తే కొత్తది కూడా చచ్చినట్టే ఉంటుంది. అతుకుల మీద వేడికి ముడుచుకునే స్లీవ్ వేయాలి. తేమ చొరకుండా సిలికాన్ పూస్తే, వెనిగర్ వాసన వచ్చే రకం వాడకూడదు, అది రాగిని తింటుంది. న్యూట్రల్ రకం అడగాలి.

కొత్త సెన్సర్ పెట్టినా లోపం పోకపోతేనే బోర్డు వంతు. అప్పుడు కూడా ముందు బోర్డును సెన్సర్ లేకుండా పరీక్షించాలి. థర్మిస్టర్ కనెక్టర్‌లో దాని బదులు 10 కిలో ఓమ్‌ల మామూలు రెసిస్టర్ పెడితే బోర్డు 25 డిగ్రీలని నమ్మాలి, గది వేడిని చూసే రకమైతే ఒక విడత మామూలుగా పూర్తి చేయాలి. రీడ్ స్విచ్ రెండు తీగలనూ కలిపి, విడదీసి చూస్తే నీటి లైటు ఆరి వెలగాలి. ఫోటో ట్రాన్సిస్టర్ స్థానంలో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే, మామూలు సర్క్యూట్ ఉన్న మెషిన్‌లో, వెలుతురు అందుతున్నట్టు భావించి ఐస్ లైటు ఆర్పాలి. ప్రతి మార్పూ ప్లగ్ పీకిన తర్వాతే చేయాలి. ఈ నకిలీ సంకేతాలకు బోర్డు సరిగా స్పందిస్తే దాన్ని మార్చడం దండగ, మళ్లీ తీగలు, కనెక్టర్లు వెతకాలి. స్పందించకపోతే బోర్డు మీద సెన్సర్ పిన్నుల దగ్గర పచ్చటి తుప్పు, పగిలిన టంకం ఉన్నాయేమో భూతద్దంతో చూసి, ఆల్కహాల్‌తో తోమి, టంకాన్ని మళ్లీ కరిగించి, ఆరబెట్టి ఇంకోసారి అవే పరీక్షలు చేయాలి. అప్పటికీ బదులు రాకపోతే మోడల్ నంబరు, బోర్డు మీద అచ్చువేసిన నంబరు రెండూ రాసుకుని కొత్త బోర్డు వెతకవచ్చు. ఒకే మోడల్ పేరుతో రెండు రకాల బోర్డులు వచ్చే మెషిన్లు ఉంటాయి కాబట్టి ఆ రెండో నంబరు కలవకుండా డబ్బు కట్టకూడదు.